కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు

తెలుగు కథోలికులు పారిష్‌ను 'విచారణ' అంటారు. దాని బాధ్యత మోసే గురువు విచారణ గురువు. ఆ మాట వినగానే నేటి చెవికి న్యాయస్థానమే గుర్తుకు వస్తుంది గాని, మంచిచెడ్డలు అడిగి తెలుసుకోవడం, ఆలనా పాలనా చూడడం అన్న అర్థం కూడా దానిలో ఉంది. అమెరికాలో మూతపడుతున్న కథోలిక దేవాలయాల గురించి చదివినప్పుడల్లా ఆ రెండర్థాలూ నాకు జంటగా కనిపిస్తాయి. ఆలనా పాలనా భారమై గుడి మూతపడుతుంది. ఆ మూసివేత న్యాయమేనా అని తేల్చుకోవడానికి జనం కోర్టు మెట్లెక్కుతారు.

నేను క్రైస్తవుణ్ణి కాను. బోస్టన్ నగరానికి పడమటనున్న ఊళ్ళలో చాలా ఏళ్ళుగా కాపురముంటున్నవాణ్ణి. ఈ రాష్ట్రంలో ఏ పాత మిల్లు ఊరికి వెళ్ళినా, కూతవేటు దూరంలో రెండు మూడు కథోలిక గుళ్ళు కనిపించడం మామూలు. ఒకటి ఐరిష్ వారిది, ఒకటి ఇటలీ వారిది, మరొకటి కెనడా నుంచి దిగివచ్చిన ఫ్రెంచి వారిదో పోలండు వారిదో అయి ఉంటుంది. ఒకే మతం, ఒకే పూజ, అప్పట్లో అందరికీ అదే లాటిన్ మంత్రం. అయినా ఎవరి గుడి వారిదే. పాపసంకీర్తనం చెప్పుకోవడానికి, ప్రసంగం వినడానికి, పోయినవారి కోసం ఏడవడానికి ఎవరి భాష వారికి కావాలి గదా! పరాయి దేశంలో ఆ భాష వినిపించే చోటు గుడి ఒక్కటే. మిల్లు కూలీలు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు వారం వారం వేసిన చిల్లరతో ఆ రాతి గోడలు లేచాయి.

కట్టినవారికి ఒక నమ్మకం ఉండేది. మన పిల్లలు ఇక్కడే ఉంటారు, వాళ్ళ పిల్లలూ ఇక్కడే ఉంటారు, ఈ బల్లలు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి అని. ఆ నమ్మకం రెండు తరాలు నిలిచింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పిల్లలు కార్లు కొనుక్కుని ఊరవతలి కొత్త పేటలకు తరలిపోయారు. వారికి ఇంగ్లీషే మాతృభాష అయింది. తాతల గుడి తాతల వీధిలోనే మిగిలిపోయింది.

గుడికి వచ్చేవారు తగ్గినంత మాత్రాన గుడి ఖర్చు తగ్గదు. ఈ లెక్క బయటివారికి సులభంగా అందదు. వెయ్యిమంది కూర్చునే చోట వందమంది కూర్చున్నా, వెచ్చబరచవలసిన గాలి అంతే. న్యూ ఇంగ్లండు చలికాలంలో వేడిగాలి ఎత్తైన కప్పు కిందికి చేరుకుంటుంది, కింద బల్లల మీదివాళ్ళు కోట్లు విప్పకుండానే పూజ వింటారు. బాయిలరు మాత్రం నూనె తాగుతూనే ఉంటుంది. కప్పు మీది పలకరాతి పెంకులు వందేళ్ళు ఉంటాయి గాని, వాటిని పట్టి ఉంచే మేకులు అంతకాలం ఉండవు. ఇటుకల మధ్య సందులోకి చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది. ఏటా ఇదే వరస. పాతకాలపు సున్నం అతుకు ఆ ఒత్తిడికి కొంత ఓర్చుకునేది. తరువాత ఎవరో సిమెంటుతో అతుకు వేస్తే, దెబ్బ అతుకును వదిలి ఇటుకకే తగులుతుంది. రంగుటద్దాలను కలిపి ఉంచే సీసపు బద్దలు ఏళ్ళు గడిచేకొద్దీ ఒంగి, కిటికీ కడుపు ముందుకు పొడుచుకు వస్తుంది. వీటన్నిటిపైన బీమా, మంచు తీయించే కూలి.

గుడి కట్టడానికి చందా ఇచ్చేవాడి కళ్ళముందు శిఖరం ఉంటుంది. మరమ్మతుకు చందా ఇచ్చేవాడి కళ్ళముందు కారే తూము ఉంటుంది. రెండవవాడికి శిలాఫలకం వేయరు. అందుకే ఏ ఊళ్ళోనైనా మరమ్మతు వచ్చే ఏటికి వాయిదా పడుతుంది. వాయిదా పడిన మరమ్మతు వడ్డీతో సహా తిరిగి వస్తుంది.

ఇంకొక ఖర్చు చాలాకాలం ఎవరి లెక్కలోనూ పడలేదు. విచారణ బడులను నడిపినది మఠకన్యలు, దాదాపు జీతం లేకుండా. 1965 ప్రాంతంలో అమెరికాలో మఠకన్యలు సుమారు 1,80,000 మంది. 2022 నాటికి ఆ సంఖ్య 40,000 కంటె తక్కువ. 1970లో సుమారు 59,000 మంది గురువులుంటే 2020 నాటికి సుమారు 35,000. మఠకన్యల స్థానంలో జీతం పుచ్చుకునే ఉపాధ్యాయులు వచ్చారు. అప్పటిదాకా ఉచితంగా జరిగిన సేవ విలువ, అది ఆగిపోయాక, విచారణ పద్దు పుస్తకంలో ఖర్చుగా కనిపించింది. ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ మేత్రాసనాల నుంచి వచ్చిన గురువులు కూడా అమెరికా విచారణలలో సేవ చేస్తున్నారు. ఒకప్పుడు యూరపు గురువులు మన పల్లెలకు వచ్చి గుళ్ళు కట్టించారు. ఇప్పుడు మనవాళ్ళు ఇక్కడికి వచ్చి, మూసే గుళ్ళకు చివరి పూజ చేయవలసి రావచ్చు.

బోస్టన్ విషయానికి వస్తే, అక్కడ లెక్కలకు తోడు ఒక మాయని మచ్చ ఉంది. గురువులు కొందరు పిల్లలపై చేసిన అత్యాచారాలను పెద్దలు ఏళ్ళ తరబడి కప్పిపుచ్చిన సంగతి 2002లో బయటపడింది. ఆ ఏడాది డిసెంబరులో కార్డినల్ లా పదవి వదిలారు. 2003లో అగ్రపీఠం అయిదు వందల పైచిలుకు బాధితులకు 8.5 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. 2004లో అగ్రపీఠాధిపతి నివాసంతో సహా 43 ఎకరాల స్థలాన్ని దాదాపు 10 కోట్ల డాలర్లకు బోస్టన్ కాలేజీకి అమ్మింది. ఆ ఏడాది మే నెలలోనే, 357 విచారణలలో 65 మూసివేస్తున్నట్టు కొత్త అగ్రపీఠాధిపతి షాన్ ఓమాలీ ప్రకటించారు. జనం తగ్గారు, గురువులు చాలరు, భవనాలు శిథిలమవుతున్నాయి అన్నవి కారణాలు. మూసిన గుళ్ళ సొమ్ము పరిహారానికి వాడబోమని ఆయన చెప్పినా చాలామంది నమ్మలేదు. కొన్నిటి విషయంలో నిర్ణయం తరువాత మారింది. వేమౌత్‌లో జనం లోపల కూర్చుని కదలకపోవడంతో 2005లో సెయింట్ ఆల్బర్ట్ గుడి తిరిగి తెరుచుకుంది.

అలా కూర్చున్నవారిలో అందరికంటె ఎక్కువకాలం కూర్చున్నది సముద్రతీరపు ఊరు సిచుయెట్‌లోని పునీత ఫ్రాన్సిస్ జేవియర్ కబ్రిని విచారణవారు. కబ్రిని అమెరికా పౌరులలో మొట్టమొదటి పునీతురాలు, వలసజీవుల పాలక పునీతురాలు. 2004 అక్టోబరు 26న వారు గుడిలోకి ప్రవేశించి, వంతులు వేసుకుని, రాత్రింబగళ్ళు ఎవరో ఒకరు లోపల ఉండేలా చూసుకున్నారు. కాగితం మీద పేర్లు రాసుకోవడం, తలుపు తీసి ఉంచడం, నిద్రపోవడం, తెల్లవారి మరొకరికి అప్పగించి ఉద్యోగానికి వెళ్ళడం. ఇలా పదకొండేళ్ళ ఏడు నెలలు. గురువు లేడు, పూజ లేదు. తామే ప్రార్థనలు నడుపుకున్నారు. వాటికన్‌లో అప్పీళ్ళు వీగిపోయాయి. 2015లో రాష్ట్ర న్యాయస్థానం వారిని అక్రమంగా చొరబడినవారుగా తేల్చింది. 2016 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు కేసు వినడానికి నిరాకరించడంతో, మే 29న ఆఖరి ప్రార్థన చేసుకుని వెలుపలికి వచ్చారు.

తాము పోషించిన గుడిలో తామే చొరబాటుదారులు ఎలా అయ్యారు? చిక్కంతా ఇక్కడే ఉంది. చర్చి శాసనం ప్రకారం విచారణ ఆస్తి విచారణదే. దేశచట్టం ప్రకారం బోస్టన్‌లో దస్తావేజు అగ్రపీఠాధిపతి పేర ఉంటుంది. 1897లో మసాచుసెట్స్ శాసనసభ ఆ పదవినే ఏకవ్యక్తి సంస్థగా గుర్తించింది. పదవిలో ఎవరుంటే వారిదే సంతకం. ఇటుక ఇటుకకూ సొమ్మిచ్చినవారి పేరు చట్టం దృష్టిలో ఎక్కడా లేదు. కప్పు కారితే బాధ్యత విచారణవారిది, గుడి అమ్మే అధికారం మాత్రం వారిది కాదు.

ఇటలీ మూలాలున్న ఒక పెద్దావిడ మాకు ఇరుగుపొరుగు. ఆమె పెరిగిన గుడీ మూతపడింది. కప్పు మార్చడానికి విచారణ ఆడవాళ్ళంతా కలిసి ఎన్నో ఏళ్ళు శుక్రవారం శుక్రవారం వంటలు చేసి అమ్మారట. "పెంకులకు ఇంకా ఎన్నో ఏళ్ళ ఆయుష్షు ఉందండీ, గుడికే లేకపోయింది" అన్నారు. ఆమెకు మూసివేత మీద కంటె, మూసేముందు ఎవరూ తమను కూర్చోబెట్టి మాట్లాడలేదన్న దానిమీద బాధ ఎక్కువ. "ఖర్చు ఇంత, మీరు ఇంత తేగలరా అని ఒక్కసారి అడిగి ఉంటే, తేలేమని మేమే చెప్పేవాళ్ళమేమో" అన్నారు. ఆ మాట నాకు చాలాకాలం గుర్తుండిపోయింది.

పీఠాధిపతుల పక్షాన చెప్పవలసినది లేకపోలేదు. ఒకే గురువు మూడు గుళ్ళ మధ్య కారులో తిరుగుతూ పూజలు చేస్తుంటే, ఆయన ఆసుపత్రిలో రోగిని చూడడానికి వెళ్ళేదెప్పుడు? ఆకలిగొన్నవాడికి పెట్టవలసిన సొమ్ము ఖాళీ గుడి బాయిలరులో పోయడం ధర్మమా? ఇవి కొట్టిపారేయదగిన ప్రశ్నలు కావు. బోస్టన్ ఒక్కటే కాదు, 2023లో సెయింట్ లూయిస్ అగ్రపీఠం 178 విచారణలను 134కు కుదించింది. 2024లో బాల్టిమోర్ నగర ప్రాంతంలో 61 విచారణలు 23 అయ్యాయి. అయితే గురువుల కొరతనో, మేత్రాసనపు సాధారణ ఆర్థిక పరిస్థితినో మాత్రమే చూపి విచారణను రద్దు చేయరాదని 2020లో వాటికన్ స్వయంగా హెచ్చరించింది. ఆ విచారణకే ప్రత్యేకమైన కారణం ఉండాలి. అంటే ప్రతి గుడినీ విడిగా విచారించాలి. మళ్ళీ అదే మాట!

మూసిన గుడి ఏమవుతుంది? చర్చి శాసనం 1222వ నిబంధన, మరమ్మతుకు దారి లేనప్పుడో ఇతర గంభీర కారణాలున్నప్పుడో, గుడిని లౌకికమైనా నీచం కాని వినియోగానికి అప్పగించవచ్చునంటుంది. బోస్టన్‌లోని జర్మనుల హోలీ ట్రినిటీ గుడి 2008లో మూతపడింది. ఇప్పుడు దాని రాతిగోడల లోపలి నుంచి అద్దాల అంతస్తులు లేచి, ఖరీదైన ఫ్లాట్లుగా వెలిశాయి. రోడ్డు మీద నిలబడి చూస్తే పని నీటుగానే ఉంది, నీచం అనడానికి వీల్లేదు. కాని అక్కడ ఒకప్పుడు ఎవరైనా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి కూర్చోగలిగేవారు. ఇప్పుడు తాళంచెవి ఉన్నవారికే ప్రవేశం.

ఫ్రేమింగ్‌హామ్‌లోని సెయింట్ జెరెమయా గుడి కథ మరొక తీరుగా నడిచింది. అక్కడా మూసివేత ఆజ్ఞ వచ్చింది, అక్కడా జనం కూర్చున్నారు. చివరకు ఆ గుడి కేరళ నుంచి వచ్చిన సిరో మలబారు కథోలికుల చేతికి వచ్చింది. ఇప్పుడు అక్కడ మలయాళంలో పూజ వినిపిస్తుంది. పాత విచారణవారి దుఃఖం దీనితో తీరిందని అనను. కాని పరాయి దేశంలో తమ భాషలో మొక్కుకోవడానికి కట్టిన కప్పు కింద, అదే అవసరంతో వచ్చిన మరొక జనం చేరారు. గుడి వెచ్చగా ఉంది.

ఆ పక్క ఊరు ఆష్‌లాండ్‌లోనే మన శ్రీలక్ష్మి ఆలయం ఉంది. 1990లో కుంభాభిషేకం జరిగింది. ఆ తరువాత ఈ దేశంలో మనవాళ్ళు కట్టుకున్న గుళ్ళకు లెక్కలేదు. ఒక్కొక్క ఊళ్ళో రెండేసి, మూడేసి. వేంకటేశ్వరుడికొకటి, సాయిబాబాకొకటి, భాషను బట్టి, పద్ధతిని బట్టి మరొకటి. నూరేళ్ళ క్రితం ఐరిష్ వారు, ఇటలీ వారు చేసినదే మనమూ చేస్తున్నాము, అదే ప్రేమతో, అదే నమ్మకంతో. మన పిల్లలు సియాటిల్‌కో డాలస్‌కో ఉద్యోగాలకు వెళ్ళిపోతారు. మంచుకు పగిలే గోపురం సున్నం మాత్రం ఇక్కడే ఉంటుంది.

మన పూర్వులకు ఈ సంగతి తెలియనిది కాదు. ద్రాక్షారామ శాసనాలలో గుడి కట్టించిన ఘనతకంటె అఖండ దీపానికి ఇచ్చిన దానాలే ఎక్కువగా కనిపిస్తాయి. దీపానికి నెయ్యి కావాలి, నెయ్యికి పశువులు కావాలి, పశువులను కాచేవాడు కావాలి. అందుకు మందను దానమిచ్చి, పాలకుణ్ణి నియమించేవారు. తమిళ శాసనాలు అటువంటి మందను చావని, ముదియని గొర్రెలంటాయి. చచ్చినదాని స్థానంలో పుట్టినది చేరి లెక్క తగ్గకూడదన్నమాట. దీపం వెలిగించిననాడే, తాము పోయాక దానికి నెయ్యి ఎవరు పోస్తారో రాసిపెట్టారు.

కొత్త గుడికి చందా అడగడానికి వచ్చే మన పెద్దలను నేనిప్పుడు మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. కట్టడానికి కాక, నిలబెట్టడానికి విడిగా తీసిపెడుతున్న నిధి ఎంత? దస్తావేజు ఎవరి పేర ఉంటుంది? ఒకనాడు మూయవలసి వస్తే, అప్పటిదాకా చందా ఇచ్చిన సామాన్యుడిని అడిగి మూస్తారా, అడగకుండానా? మొదటి ప్రశ్నకు కొందరు అంకె చెబుతారు. రెండవదానికి నియమావళి చూసి చెబుతామంటారు. మూడవది అడిగితే మాత్రం, శుభమా అని గుడి కడుతుంటే ఆ మాటలేమిటండీ అని నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా సరే, ఆ మూడవ ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా ఉన్న గుడికే నా చందా.