ఒకే రోజు, రెండు జ్ఞాపకాలు

రాజమహేంద్రవరం నుండి జొన్నాడ వంతెన దాటి కోనసీమ కూడికలకు వెళ్లే మేము ఒక సంగతి చూస్తున్నాము.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి అంబేద్కర్ గారి పేరు చేర్చాలని ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. మే 24న అమలాపురంలో ఆ పేరు వద్దన్నవారి ఆందోళన హింసగా మారి, ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి.

కొందరు దాన్ని "పేరు గొడవ" అంటారు. వారికి గుర్తున్నది కోనసీమ పేరు మీద మమకారం, తమ కుర్రాళ్ల మీద పడిన కేసులు. పేటలో గుర్తున్నది వేరు: ఆయన పేరంటేనే ఇంత కోపమా అన్న గాయం. ఈ రెండు జ్ఞాపకాలూ ఒకే ప్రభువు బల్ల దగ్గరికి వస్తున్నాయి.

యెహోషువ 22వ అధ్యాయంలో యొర్దాను దగ్గర కట్టిన బలిపీఠం కొందరికి తిరుగుబాటుగా కనబడింది. కట్టినవారికి అది పిల్లల కొరకు ఉంచిన సాక్ష్యం. యుద్ధానికి సిద్ధపడినవారు ముందుగా ఫీనెహాసును పంపి అడిగారు గనుక రక్తం చిందలేదు.

అడిగి వినడమంటే నిప్పు పెట్టడం తప్పు కాదనడం కాదు. ఆ పేరు ఇప్పుడు బోర్డుల మీద ఉంది. అయితే ఊరివారు పేటకు వెళ్లి, ఆ రోజు మీకెలా ఉందని అడిగారా? ఆ మొదటి అడుగు మన సంఘమే వేయాలి.