కుందేటి కొమ్ము, ఈగ, ఆకలి



మన శాస్త్రగ్రంథాలలో ‘లేని వస్తువు’కు ఉదాహరణలు ఏనాడో స్థిరపడిపోయాయి. గగనకుసుమం, వంధ్యాపుత్రుడు, శశవిషాణం. శశవిషాణమంటే కుందేటి కొమ్ము. భర్తృహరి నీతిశతకాన్ని తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి పుణ్యమా అని ఆ మాట బడికి వెళ్ళిన ప్రతి తెలుగువాడికీ పరిచితమే. తెలుగు పండితుడిగా ఆ పద్యం ఏటేటా చెప్పాను. చెప్పినప్పుడల్లా వెనుక వరుసలో నుండి ఎవడో ఒకడు లేచి, “సార్, మా గుట్ట మీద ఉండాయి కదా!” అనేవాడు.

వాడన్నది నిజమే. 2022లో అనంతపురం నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారిన మా ముదిగుబ్బ చుట్టూ ఉన్న రాతిగుట్టలలో, ముళ్ళపొదల నీడన కుందేటి కొమ్ములు మొలుస్తాయి. ఆకులుండవు. నాలుగు పలకల కాడ, జానెడో మూరెడో ఎత్తు, కొస సన్నం. ఇది జిల్లేడు కుటుంబానికి చెందిన మొక్క. వృక్షశాస్త్రంలో దీని పేరు కారల్లుమా. ఆ పేరు వెనుక మన భాషే ఉన్నట్లున్నది. విలియం రాక్స్‌బర్గ్ 1795లో ఈ మొక్కను వర్ణిస్తూ, తెలుగువారు దీనిని ‘కారల్లం’ అంటారని వ్రాసుకున్నాడు. తరువాత రాబర్ట్ బ్రౌన్ ‘కారల్లుమా’ అని ప్రజాతికి పేరు పెట్టాడు. అరబ్బీ మూలం చెప్పేవారూ ఉన్నారు గాని, రాక్స్‌బర్గ్ వ్రాత చూసిన తరువాత నా మనసు తెలుగు వైపే మొగ్గుతుంది.

మా వైపు ఈ పేరుతో ఒకటి కాదు, దగ్గరి చుట్టాలైన రెండు మూడు మొక్కలను పిలుస్తారు. వాటిలో లావుపాటి రకానికి కొసన నేరేడుపండు రంగు పూలు బంతిలాగా గుత్తి కడతాయి. చూడముచ్చటగా ఉంటాయి, దగ్గరికి పోతే మాత్రం ముక్కు మూసుకోవాలి. ఎక్కడో ఎలుక చచ్చి కుళ్ళినట్లు కంపు. ఆ కంపుకు తేనెటీగ రాదు, ఈగ వస్తుంది.

ఈ వర్గపు పూల వాసనలను జర్మనీ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2006లో ప్రకటించారు. కొన్ని పూలు కుళ్ళిన మాంసాన్ని, కొన్ని పేడను, కొన్ని మూత్రాన్ని అనుకరిస్తాయట. మాంసపు కంపుకు ముఖ్యకారణం డైమిథైల్ డైసల్ఫైడ్, డైమిథైల్ ట్రైసల్ఫైడ్ అనే గంధక సమ్మేళనాలు. శవంలో సూక్ష్మజీవులు మాంసకృత్తులను విరగగొట్టినప్పుడు పుట్టే పదార్థాలివి. పూవులో కుళ్ళినది ఏమీ లేకుండానే వాటిని తానే తయారుచేస్తుంది.

సాదృశ్యం వలన ఒకదానిని చూసి మరొకటి అనుకోవడం భ్రాంతిమదలంకారం. ఇదీ అదే కదా అని మొదట అనుకున్నాను. ఆలోచించగా కాదనిపించింది. అలంకారంలో ఉన్నది పోలిక మాత్రమే. ఇక్కడ శవం నుండి వచ్చే అణువు, పూవు నుండి వచ్చే అణువు ఒక్కటే. ఈగ ఏమీ పొరబడలేదు, వాసనను సరిగానే చదివింది. మాట అసలైనదే, దాని వెనుక ఉండవలసిన వస్తువు లేదు. అంటే ఈ మొక్క పేరుకు తగినట్లు శశవిషాణాన్నే ఈగకు చూపిస్తున్నది!

ఆ వాసన నమ్మి వచ్చిన ఈగ తొండానికి పుప్పొడి మూటలు తగులుకుంటాయి. అవి మరో పూవుకు చేరితే మొక్క పని నెరవేరినట్లే. తరువాత జిల్లేడు కాయల వలె జంటకాయలు పగిలి, దూది కుచ్చులున్న గింజలు గాలిలో తేలిపోతాయి. ఈగ సంగతి వేరు. పిల్లలకు తిండి దొరికిందని తల్లి ఈగ ఈ జాతి పూలపై గుడ్లు పెట్టడమూ, గుడ్డు విడిచిన పురుగులు తిండి లేక చావడమూ వృక్షశాస్త్రజ్ఞులు ఎన్నోసార్లు చూసినదే. మోసపోయినది తిండిపోతు కాదు, పిల్లల ఆకలి తలచుకున్న తల్లి. ఈ మాట చదివిన నాడు నాకు అన్నం సహించలేదు.

ఎందుకంటే అదే మొక్కను మా అమ్మ మాకు పెట్టింది. వానలు ఎగ్గొట్టిన ఏడాది, చేలో చెనిక్కాయ విత్తనం కూడా తిరిగి రాని రోజుల్లో, గుట్ట నుండి ఒడినిండా కాడలు తెచ్చి, ఉప్పు అద్ది చేతికిచ్చేది. “నమలండి నాయనా, పొద్దు గూకేదాంకా ఆకలి తెలీదు” అనేది. కాస్త చేదు, కాస్త పులుపు. ఆకలి నిజంగానే మందగించేది.

అమ్మ చెప్పినది అబద్ధమా? భాష చెప్పుకుని బ్రతికినవాడిని గనుక ఆమె మాటను పదం పదంగా తూచి చూశాను. ‘ఆకలి తెలీదు’ అన్నదే గాని ‘ఆకలి తీరుతుంది’ అనలేదు. ఆ రెండు క్రియల నడుమ ఎంత దూరమున్నదో ఆమెకు తెలుసు. తాను తినకుండా మాకు పెట్టిన సంగటే అందుకు సాక్ష్యం.

ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో సాన్ ప్రజలు వేటకు వెళ్తూ నమిలే హూడియా దీని బంధువే. దాని పూలకూ కుళ్ళు కంపే. ఇప్పుడు ఈ రెండింటి సారాన్నీ గుళికలు చేసి, తిండి ఎక్కువైనవారికి ఒళ్ళు తగ్గే మందుగా అమ్ముతున్నారు. కుందేటి కొమ్ము సారంతో బెంగుళూరులో చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. 60 రోజులు వాడినవారికి ఆకలి, నడుము చుట్టుకొలత తగ్గాయి గాని, బరువులో చెప్పుకోదగిన తేడా తేలలేదు. సీసాల మీది ప్రకటనలు మాత్రం మా అమ్మ పాటించిన క్రియాభేదాన్ని పాటించవు.

మా గుట్ట మీద ఇప్పుడు ఈ మొక్క చేయి దూరని పొదల లోపలే కనబడుతున్నది. తినదలచినవారు కొస మాత్రం తుంచుకోండి, మళ్ళీ చిగురిస్తుంది. వేరుతో పెరకకండి. మీ సీమలో దీనిని ‘కారల్లం’ అని పిలిచే పెద్దలెవరైనా మిగిలి ఉంటే దయచేసి తెలియజేయండి. రాక్స్‌బర్గ్ విన్న ఆ మాటను ఒక్కసారి తెలుగువారి నోట వినాలని ఉన్నది.