పురిటి గది రాతలు

జులై 30
ముర్రుపాలు పిండి పారబోసే కాలం పోయింది, పిల్లదాని అదృష్టం. పుట్టిన గంటలోపే నర్సు దాన్ని నా గుండెల మీద పడుకోబెట్టింది. ఆ బోసి చిగుళ్లకి అంత బలం ఎక్కడిదో!

ఆగస్టు 1, శ్రావణ శుక్రవారం
వీధంతా పేరంటాలు. మాకు పురుడు. పిల్ల ఏడుపు అందుకుందంటే నా కాలివేళ్లు ముడుచుకుపోతున్నాయి. కుడివైపు చనుమొన మీద అడ్డంగా సన్నటి పగులు. జాకెట్టు రాసుకున్నా భగ్గుమంటోంది. "తొలికాన్పు కదే, నాలుగు రోజులు పోతే గట్టిపడుతుంది. ఓర్చుకో" అంటుంది అమ్మమ్మ. మోసినప్పుడూ ఓర్పే, కన్నప్పుడూ ఓర్పే, ఇప్పుడూ ఓర్పేనా?

ఆగస్టు 2, అర్ధరాత్రి
పిల్ల కక్కిన పాలల్లో ఎర్రటి చార. ఇంటిల్లిపాదినీ లేపేశాను. ఆసుపత్రికి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్న సిస్టరు, "నీకు పగిలిందామ్మా? అయితే ఆ నెత్తురు నీదే అయ్యుంటుంది. దానివల్ల పిల్లకేం కాదు. పాలు మానకు. పొద్దున్నే ఇద్దరూ రండి, చూస్తాను" అంది.

ఆగస్టు 3
పిల్లని చూశాక సిస్టరు పాలు పట్టమంది. నోట్లోంచి బయటికొచ్చిన చనుమొనని పరీక్షగా చూసింది. గుండ్రంగా ఉండాల్సింది ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంది.
"మొన ఒక్కటే నోట్లోకి వెళ్తోంది. అందుకే అంగిట్లో గట్టిచోట నలుగుతోంది. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా లోపలికి వెళ్లాలి."
పిల్ల పొట్ట నా పొట్టకి ఆనేలా తిప్పింది. ముక్కు చనుమొనకి ఎదురుగా వచ్చింది. పైపెదవికి మొన తాకిస్తూ, ఆవలించినంతగా నోరు తెరిచేదాకా ఆగమంది. తెరవగానే నేను వంగకుండా పిల్లనే దగ్గరికి తెచ్చింది. గడ్డం ముందు తగిలింది, కిందిపెదవి బయటికి మడతపడింది. కాసేపటికి గుటకలు వినిపించాయి. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, పళ్లు బిగపట్టాల్సిన పని లేకపోయింది.
నొప్పిగా పట్టుకుంటే లాగేయకూడదట. పెదవి మూలనుంచి చిటికెనవేలు దూర్చి, పట్టు వదిలించి మళ్లీ మొదలుపెట్టాలి.

ఆగస్టు 5
ముందు ఎడమవైపు పడుతున్నాను, నొప్పి తక్కువ కాబట్టి. ఆకలి మీదున్నప్పుడే దానికి జోరెక్కువ. తాగాక రెండు చుక్కలు పిండి మొనకి రాసి గాలికి ఆరనిస్తున్నాను. సబ్బు బంద్. ఆ చర్మానికి కావలసిన జిడ్డు అక్కడే ఊరుతుంది, సబ్బు దాన్ని కడిగేస్తుంది. మరీ మండిన పూట చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టాను.

ఆగస్టు 6
పిన్ని పాలడబ్బా తెచ్చింది. తల్లిపాలే బిడ్డకి శ్రేష్ఠమని ఆ డబ్బా మీదే ఉంది. 1992 నాటి చట్టం ప్రకారం ఆ మాట ఉండి తీరాలి. డబ్బా అటకెక్కింది.

ఆగస్టు 9
పగులు పూడుతోంది. నూనె రాస్తూ అమ్మ చెప్పింది: నేను పుట్టినప్పుడు తనకి రొమ్ము వాచి, చలిజ్వరం వచ్చిందట. "మీ నాన్నతో చెప్పడానికి సిగ్గు. అత్తగారితో చెప్పడానికి భయం."

ఆగస్టు 12
పెదనాన్నగారి అమ్మాయికి ఏడో నెల. సీమంతంలో గాజులతోపాటు ఈ కాగితం కూడా దాని చేతిలో పెడతాను.
పట్టగానే కాసేపు చురుక్కుమంటే మొదటి వారంలో మామూలే. తాగినంతసేపూ నొప్పి ఉన్నా, పగిలినా ఆ రోజే నర్సు చేత పట్టు సరిచేయించుకో. తాగాక కూడా మంట ఉండి, పిల్ల నోట్లో తుడిచినా పోని తెల్లమచ్చలు కనిపిస్తే ఫంగస్ కావచ్చు. అప్పుడు మందు ఇద్దరికీ వాడాలి. రొమ్ము ఎర్రగా, వేడిగా గట్టిపడి జ్వరమొస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లు, ఆ వైపు పాలు మాత్రం ఆపకు. పట్టు బాగున్నా నొప్పి తగ్గకపోతే పిల్ల నాలుక కిందిభాగం చూడమను.
ఓర్చుకోమని ఎవరన్నా వినకు. చూడమని అడుగు.