ఇంకా రెండేళ్ళుంది, పద్మా

భీమవరం,
ఆదివారం

ప్రియమైన పద్మకు,

నీ ఉత్తరం అందింది. ఫోనులో అయితే ఇద్దరం ఏడవడానికే సరిపోతుంది, చెప్పుకోవాల్సింది చెప్పుకోలేం అని రాశావు. నిజమే, అందుకే నేనూ కాగితం మీదే రాస్తున్నాను. అన్నయ్యగారికి చదివి వినిపించు. వీలైతే మీ అత్తగారికి కూడా.

చిన్నారికి జుట్టు మళ్ళీ వస్తోందనీ, అడిగి మరీ అన్నం పెట్టించుకుంటోందనీ చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ఎముక మూలుగ పరీక్షలో ల్యుకీమియా కణాలు కనబడలేదన్నారని రాశావు. ఆ కిందనే, "అందరూ తగ్గిపోయిందిగా అంటున్నారు, ఇంకా రెండేళ్ళు మందులంటే మావల్ల కాదు, ఈ నెలాఖరుకి సామాను సర్దుకుని వచ్చేద్దామనుకుంటున్నాం" అని రాశావు. చెరువు లీజు, రొయ్య మేతకి తెచ్చిన అప్పు, పెద్దవాడి చదువు, ఆసుపత్రి పక్కన ఆ ఒంటి గది. ఇందులో ఏదీ చిన్న కష్టం కాదు. అయినా అడుగుతున్నాను పద్మా, మానకండి. ఇంటికి రండి, కానీ చికిత్సని అక్కడ వదిలేసి రాకండి.

ఎందుకో చెబుతాను. జబ్బు బయటపడేనాటికి పిల్ల ఒంట్లో చెడ్డ కణాలు లక్ష కోట్ల దాకా ఉంటాయట. మొదటి నెల మందులతో అవి మైక్రోస్కోపుకి అందనంత తగ్గుతాయి. దాన్నే డాక్టర్లు రెమిషన్ అంటారు. అలా ఏమీ కనబడనప్పుడు కూడా ఇంకా వెయ్యి కోట్ల దాకా మిగిలి ఉండొచ్చు. పిల్ల ఆడుకుంటుంది, నవ్వుతుంది, బరువు పెరుగుతుంది, లోపల అవి ఉంటాయి. ఇకమీదట వేసే మాత్రలన్నీ వాటి కోసమే. మీ కంటికి కనబడని శత్రువు మీద రెండేళ్ళు యుద్ధం చెయ్యమంటున్నారు. దానికి ఎంత నమ్మకం కావాలో నాకు తెలుసు.

నడుములో ఇచ్చే ఆ మందుకి చిన్నారి "పసుపు సూది" అని పేరు పెట్టిందన్నావు. మామూలు మందులు మెదడు చుట్టూ ఉండే నీటిలోకి సరిగ్గా చేరవు, అందుకని వెన్నులోనే ఇస్తారు. ఇప్పుడు వారానికొకసారి మాత్రగా ఇవ్వబోయేది కూడా అదే, మెథోట్రెక్సేట్. ఆ మందు పుట్టుక వెనక మన భీమవరంలో పుట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావుగారు. పేరు నువ్వూ వినే ఉంటావు. పీహెచ్‌సీలో రోజూ ఆయన మందులే చేత్తో అందిస్తున్నదాన్ని కాబట్టి ఆయన్ని గురించి దొరికిందల్లా చదివాను.

1895లో పుట్టాడు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. సన్యాసం పుచ్చుకుని రామకృష్ణ మిషన్‌లో చేరిపోవాలనుకున్నాడట, తల్లి ఒప్పుకోలేదు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టుకున్నందుకు ప్రొఫెసరుగారికి కోపం వచ్చి, ఎంబీబీఎస్ రావాల్సినవాడికి దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా దక్కింది. అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో సంగ్రహణితో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి నీరసించి నీరసించి పోయే జబ్బది. దానికి అప్పట్లో మందు లేదు.

అలాంటివాడు మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1920ల మొదట్లో అమెరికా వెళ్ళాడు. మూడేళ్ళలో వస్తానని భార్య శేషగిరికి చెప్పి వెళ్ళాడంటారు. మళ్ళీ రాలేదు. చిన్నప్పుడే పోయిన కొడుకు మొహం కూడా చూడలేదు. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ శేషగిరిగారే ఎక్కువ గుర్తొస్తారు. గొప్పపని వెనక ఎవరో ఒకరు అలా ఎదురుచూస్తూ ఉండిపోతారు. ఆ ఖర్చు లెక్కల్లోకి రాదు. ఇప్పుడు నీ పెద్దవాడు అమ్మ లేకుండా అమ్మమ్మ దగ్గర తిని బడికి పోవడం కూడా అలాంటి ఖర్చే.

బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి పొట్ట పోసుకున్నాడు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆయన దగ్గర చేరి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1925లో వచ్చిన ఆ పద్ధతి ఇద్దరి పేరుమీదా నిలిచిపోయింది. మన కండరాలు పనిచెయ్యడానికి శక్తినిచ్చే ఏటీపీని కూడా 1929లో ఆ ఇద్దరూ వెలికితీశారు. అయినా హార్వర్డ్ ఆయనకి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళిపోయాడు.

అక్కడ పట్టిన పని ఏమిటనుకున్నావు? రక్తహీనతకి పనిచేసే ఒక పదార్థం కాలేయంలో ఉందని ముందే తెలుసు. లూసీ విల్స్ అనే డాక్టరమ్మ మన బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్ని చూసి, ఈస్టు సారం ఇస్తే వాళ్ళకి రక్తం పడుతోందని 1931లోనే రాసింది. ఆ సారంలో ఉన్నదేమిటో విడదీసి చూపడం మాత్రం చాలా ఏళ్ళు ఎవరి వల్లా కాలేదు. సుబ్బారావుగారి బృందం దాన్ని పట్టుకుని, 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేసింది. అదే ఫోలిక్ యాసిడ్. సంగ్రహణి రోగులకి ఇస్తే లేచి కూర్చున్నారు. తన తోడబుట్టినవాళ్ళు పోయి రెండు దశాబ్దాలు దాటాక, వాళ్ళని తీసుకుపోయిన జబ్బుకి మందు తన చేతుల్లోంచే వచ్చింది. మా దగ్గర నెల తప్పిన ప్రతి ఆడపిల్లకీ ఇచ్చే మాత్ర అదే. బోదకాలుకి ఏటా ఇంటింటికీ తిరిగి పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన పరిశోధన శాఖలోంచి వచ్చిందే.

ఇక మన చిన్నారి మందు కథ. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పిల్లల ఆసుపత్రిలో పనిచేసేవాడు. ల్యుకీమియా వచ్చిన పిల్లలు ఆ రోజుల్లో వారాల్లో, నెలల్లో పోయేవారు. ఫోలిక్ యాసిడ్ రకాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా ముదిరినట్టు కనబడింది. వేరొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఆయన తిరగేసి ఆలోచించాడు: ఇస్తే పెరుగుతోందంటే, అందకుండా చేస్తే? సుబ్బారావుగారి దగ్గరే ఫోలిక్ యాసిడ్‌కి అచ్చం కవలల్లా కనబడే పదార్థాలు తయారవుతున్నాయి. తాళంలోకి దూరి తిరక్కుండా ఇరుక్కుపోయిన మారు తాళంచెవి లాంటివి. కణం అది ఫోలిక్ యాసిడే అనుకుని పుచ్చుకుంటుంది, ఇక కొత్త కణాన్ని తయారుచేసుకోలేదు. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని ఫార్బర్ డిసెంబరు నెలాఖరులో రెండేళ్ళు దాటిన ఒక పిల్లవాడికి ఇచ్చాడు. కాళ్ళ మీద నిలబడలేనివాడు కొన్ని వారాల్లో నడిచాడు. ప్రశాంతంగా పోనివ్వక ఎందుకీ హింస అని తోటి డాక్టర్లు అడ్డం చెబుతూనే ఉన్నారు. 1948 జూన్‌లో ఆయన వ్యాసం వచ్చింది, పదహారుమంది పిల్లల్లో పదిమందికి మెరుగైందని. మరో రెండు నెలలకి, ఆగస్టులో, యాభై మూడేళ్ళకే సుబ్బారావుగారు పోయారు. అమినోప్టెరిన్‌కి తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ ఆ తరవాత వాడుకలో నిలబడి, మన పిల్ల దాకా వచ్చింది.

ఇప్పుడు అసలు మాట, గుండె దిటవు చేసుకుని చదువు. మెరుగైన ఆ పిల్లలు బతకలేదు. కొన్ని నెలలకి జబ్బు తిరగబెట్టింది. కనబడకుండా పోవడమూ, లేకుండా పోవడమూ ఒకటి కాదని ఆ పిల్లల వల్లే లోకానికి తెలిసింది. ఈ సంగతి నీకు రాయడం నాకు ఎంత కష్టంగా ఉందో దేవుడికి తెలుసు. కానీ ఇంకా రెండేళ్ళు ఎందుకు అని నువ్వు అడిగావు. జవాబు వాళ్ళ దగ్గరే ఉంది.

ఆ తరవాత ఎంతమంది పట్టువిడవలేదో చూడు. రోజూ రాత్రి వేసే 6-ఎంపీ మాత్రని తయారుచేసినవారిలో ఒకావిడ గెర్‌ట్రూడ్ ఎలియన్. తాతగారు క్యాన్సర్‌తో పోతుంటే పదిహేనేళ్ళ వయసులో చూసి ఈ దారి పట్టింది. ఆడదని ప్రయోగశాలల్లో చోటివ్వలేదు, పీహెచ్‌డీ లేకుండానే నోబెల్ దాకా వెళ్ళింది. సెలైన్‌లో పెట్టిన విన్‌క్రిస్టిన్ మీ దొడ్లో నుయ్యి పక్కన పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిందే. 1962లో మెంఫిస్‌లో సెయింట్ జూడ్ ఆసుపత్రి తెరిచేనాటికి ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి నలుగురే బతికేవారట. అక్కడ డొనాల్డ్ పింకెల్ ఈ మందులన్నిటినీ కలిపి, తల వైపు కూడా చికిత్స చేర్చి, రెండు మూడేళ్ళు మానకుండా ఇచ్చి చూశాడు. నయం చెయ్యగలమన్న మాటే అప్పట్లో చాలామందికి మింగుడుపడలేదు. కొన్నేళ్ళకి సగంమంది పిల్లలు నిలబడ్డారు. ఇవాళ డబ్బున్న దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది నిలబడుతున్నారు. మన దగ్గర అంతమంది లేకపోవడానికి ఒక పెద్ద కారణం తగ్గిందనుకుని మధ్యలో మానేయడం. ఆ లెక్కలో మన చిన్నారి ఉండకూడదు.

మావుళ్ళమ్మ దయవల్లే తగ్గిందని మీ అత్తగారు అంటున్నారని రాశావు. ఆవిడ నమ్మకాన్ని నేను కాదనను. చిన్నారి పేరు మీద నేనూ మొక్కుకున్నాను. కాషాయం కట్టుకోవాలనుకున్నవాడే కదా ఆ మందుకి దారివేసింది. ఆయన భక్తి ఆయన్ని ప్రయోగశాలకి దూరం చెయ్యలేదు, రాత్రింబవళ్ళు అక్కడే కూర్చోబెట్టింది. మొక్కు తీర్చండి, మాత్రా వెయ్యండి. రెండూ ఆ తల్లి దగ్గరికే చేరతాయి.

ఇక పని సంగతి. ఈ గట్టి మందుల విడత అయ్యాక నెలకోసారి వచ్చి చూపించుకుంటే చాలంటారు, డాక్టరుగారిని అడుగు. అప్పుడు ఊళ్ళోనే ఉండొచ్చు. మాత్రల సంగతి నేను చూసుకుంటాను. మెథోట్రెక్సేట్ వారంలో ఒక్కరోజే, ఏ రోజో పెట్టుకుని దాన్ని మార్చకూడదు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు. 6-ఎంపీ మాత్రం రోజూ, వాళ్ళు చెప్పిన లెక్క ప్రకారం. రక్తపరీక్ష చూసి డోసు మారుస్తుంటారు, కాబట్టి పాత చీటీ చూసి కొనకండి. బలానికని ఎవరైనా ఫోలిక్ యాసిడ్ మాత్రలూ, టానిక్కులూ ఇస్తే డాక్టరుగారిని అడక్కుండా వెయ్యకు. ఎందుకో పైన చదివావుగా. పసరు మందులూ అంతే. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా సరే, పారాసెటమాల్ వేసి తెల్లారనిద్దాం అనుకోకుండా ఆసుపత్రికి ఫోను చేసి బయల్దేరాలి. మంచి థర్మామీటరు ఒకటి పక్కన పెట్టుకో.

చెరువు గురించి మా ఆయన అన్నయ్యగారితో మాట్లాడతానన్నారు. ఈ పంట పట్టుబడి అయ్యేదాకా మేతా, ఏరియేటర్లూ ఆయన చూసుకుంటారు. మొహమాటపడొద్దని చెప్పు. ఆరోగ్యశ్రీ కాగితాల్లో ఏది ఆగిందో ఫోటో తీసి పంపు, ఇక్కడ తెలిసినవాళ్ళున్నారు, కనుక్కుంటాను. పెద్దవాడు శనాదివారాలు మా ఇంట్లోనే ఉంటాడు, మావాడితో కలిసి లెక్కలు చేసుకుంటాడు.

వచ్చే శుక్రవారం రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్టు తీశాను. శనివారం పొద్దున్నే ఆసుపత్రికి వచ్చేస్తాను. చిన్నారికి ఏం తేవాలో అడిగి రాయి. ఇంట్లో వండినవేవి పెట్టొచ్చో డాక్టరమ్మగారిని అడిగి అది కూడా చెప్పు. నేను వచ్చేదాకా గది ఖాళీ చేస్తామని ఎవరికీ మాటివ్వకు.

నీ,
వరలక్ష్మి