నానీది నా వయసే

చిన్నప్పుడు ‘లీలో అండ్ స్టిచ్’ చూసినప్పుడు నాకు స్టిచ్ ఒక్కడే కనిపించాడు. నీలంగా ఉండే ప్రయోగం నంబర్ 626, ఒట్టి అల్లరి పిడుగు. మొన్న సెమిస్టర్ సెలవుల్లో చెల్లితో కలిసి మళ్ళీ చూశా. 2002 సినిమా. హవాయిలోని కవాయి దీవి, ఆ వాటర్ కలర్ బ్యాక్‌గ్రౌండ్లు ఇప్పటికీ ఎంత బాగున్నాయో! (మన గ్రాఫిక్స్ ల్యాబ్‌లో అలాంటివి రావు లెండి.)

ఈసారి మాత్రం నా చూపంతా లీలో అక్క నానీ మీదే. అమ్మానాన్నా కారు ప్రమాదంలో పోయారు. ఉద్యోగం లేకపోతే చెల్లిని ప్రభుత్వం తీసుకెళ్ళిపోతుంది. స్టిచ్ చేసిన గొడవకి నేను పడీ పడీ నవ్వుతుంటే, అక్కడ ఆమె ఉద్యోగం ఊడింది. నానీకి 19 ఏళ్ళు. నేనేమో ఇంకా హాస్టల్ బట్టలు మూటగట్టి అమ్మ ముందు పడేస్తున్నా.

"అన్నయ్యా, నన్నూ అలా తీసుకెళ్తామంటే ఏం చేస్తావ్?" అంది చెల్లి.

"ఎదురు డబ్బులిచ్చి పంపిస్తా."

ఎప్పుడూ వేసే జోకే. ఈసారి నవ్వలేదు. లేచి గదిలోకెళ్ళి తలుపేసుకుంది. సినిమాలో లీలో అయితే తలుపుకి మేకులు కొట్టేసుకుంటుంది. మావాళ్ళది గడియే కాబట్టి పాజ్ కొట్టి, అది తీసేదాకా గుమ్మం దగ్గరే కూర్చున్నా.