మంచం దిగడమే మహాయాత్ర

బాసగూడను ఒరుసుకుని పారే తాలిపేరు సరిహద్దు దాటి, చర్ల మీదుగా వెళ్లి గోదావరిలో కలుస్తుంది. బస్తర్‌లో రోడ్డులేని పల్లెల్లో ఎవరైనా లేవలేని స్థితికి వస్తే ఇంట్లోవాళ్లు మంచాన్నే కర్రకు కట్టి భుజాన వేసుకుంటారు. వానాకాలంలో నది అడ్డమొస్తే దోనె ఎక్కించాలి. అసలు కష్టం అక్కడే. నీళ్ల మీద ప్రయాణం కాసేపే. కానీ నడుము కదపలేని మనిషిని ఊగే దోనెలోకి దించడం, అవతలి ఒడ్డున మళ్లీ పైకి లేపడం నలుగురు కలిస్తే తప్ప అయ్యే పని కాదు.

ఆ నలుగురూ లేకపోతే? 2018 సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో భారత నౌకాదళ కమాండర్ అభిలాష్ టామీకి ఎదురైన పరిస్థితి అదే. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూగోళాన్ని చుట్టి వచ్చే గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఉన్నారాయన. ఆయన తెరచాప పడవ 'తురీయ' పొడవు దాదాపు 32 అడుగులే. తుపానుకు తెరచాప కొయ్య విరిగింది. ఆయన వెన్ను దెబ్బతింది. ఎలాగో లోపలికి చేరి పడక మీద వాలారు. ఇక దిగలేకపోయారు. అదనపు శాటిలైట్ ఫోన్ ఉన్న అత్యవసర సంచీ పడవలోనే ఉంది. దాన్ని అందుకోవడమే కష్టంగా ఉందని ఆయన సందేశం పంపారు. సముద్రాలు దాటి వచ్చిన మనిషికి ఆ కొద్ది అడుగులే దాటరానివయ్యాయి. సెప్టెంబరు 24న ఫ్రెంచి ఓడ ఒసిరిస్ సిబ్బంది ఆయన్ను స్ట్రెచర్ మీద బయటికి తెచ్చారు. అక్టోబరులో ఐఎన్ఎస్ సత్పురా విశాఖకు చేర్చింది.

చిన్న పడవలో పడక అంటే రైల్లో పైబెర్తు లాంటిదే, ఇంకాస్త ఇరుకు. ముక్కు భాగంలో ఉండే త్రికోణపు పడకలోకి పాకుతూ వెళ్లాలి. వెనక మూలన ఉండేది సొరుగు లాంటిది, అందులోకి కాళ్లు ముందుపెట్టి జారాలి. అలలకు దొర్లిపోకుండా అంచు వెంట గట్టి గుడ్డ కడతారు. పడిపోకుండా కాపాడే ఆ గుడ్డే లేవాలనుకున్నప్పుడు అడ్డుగోడ. పాతికేళ్ల వయసులో ఇవేవీ లెక్కలోకి రావు. మోకాళ్లు అరిగాక, నడుము పట్టేశాక ప్రతి రాత్రీ ఒక పరీక్షే.

దానికి మందు చెక్కపనిలో ఉంది. పడకను కుదుపు తక్కువగా ఉండే నడిమధ్యకు, కూర్చుని కాళ్లు కింద పెట్టగల ఎత్తుకు తేవాలి. మెట్టు లాంటి పీట ఒకటి, చెయ్యి చాపితే అందేచోట గట్టి పట్టు ఒకటి బిగించాలి. అంచు గుడ్డ ముడి పడుకున్నవాళ్లే ఒంటిచేత్తో విప్పుకునేలా ఉండాలి. నీళ్ల సీసా, టార్చి, రేడియో తలాపునే ఉండాలి. అయితే దారి కోసమని అడ్డగోడలు ఇష్టమొచ్చినట్టు కోయకూడదు. పడవ బలం చాలావరకు వాటి మీదే ఆధారపడి ఉంటుంది. పని పూర్తయ్యాక పడవను ఒడ్డున కట్టేసి, చీకట్లో, ఒక చెయ్యి వాడకుండా ఎక్కి దిగి చూస్తే లోపమేదో తెలిసిపోతుంది.

టామీకి టైటానియం కడ్డీలు వేసి, ఐదు వెన్నుపూసలను కలిపేశారు. ఆ వెన్నుతోనే 2022 సెప్టెంబరులో ఆయన అదే పందేనికి బయల్దేరారు. ఈసారి పడవ బయానత్. 236 రోజుల తర్వాత, 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో తీరం చేరారు.

పడవ ఎంత దూరం పోగలదో తెరచాపను చూసి చెప్పొచ్చు. అందులో ఎవరు పోగలరో చెప్పాలంటే పడకను చూడాలి. ఏటి ఒడ్డున మంచం దించినవాళ్లు ముందు వెతికేదీ అదే: దోనె అంచు ఎక్కడ తక్కువగా ఉంది, పట్టుకోవడానికి ఏముంది అని.