గంధానికి కంది తోడు

మా పిన్ని కూతుర్ని మైసూరు వైపు ఇచ్చారు. మొన్న సెలవులకు వెళ్తే వాళ్ళ చేలో కంది మొక్కల పక్కనే గంధపు మొక్కలు!

"గంధం ఒంటరిగా బతకదక్కా. పక్క మొక్క వేళ్ళనుంచి నీరూ, సారం లాక్కుంటుంది. అందుకే కంది" అంది.

1792లో టిప్పు సుల్తాను దీన్ని రాజవృక్షం అన్నాడట. ఆ తర్వాతా, సొంత పొలంలో మొలిచినా చెట్టు సర్కారుదే. గొడవెందుకని రైతులు మొలకలోనే పీకేసేవారట. 2001లో కర్ణాటక చట్టం మార్చాకే రైతుదైంది. అయినా చేవ కట్టడానికి పదిహేనేళ్ళ పైమాటే. దొంగల భయం సరేసరి.

"ఎందుకే ఇంత అవస్థ?" అన్నాను.

"మనవలకైనా గంధం చెట్టంటే తెలియాలిగా అక్కా!"

ఇంటికొచ్చి సాన ముందు కూర్చున్నాను. అమ్మ ఇచ్చిన చెక్క బొటనవేలంతే మిగిలింది.